అల్లేది మనం – టోపీ పెట్టేది ఎవరు?

మన భాషలో 'టోపీ పెట్టడం' అంటే మోసం చెయ్యడం. 'కుచ్చుటోపీ' అంటే ఇంకాస్త నేర్పుగా, నవ్వుతూ చేసిన మోసం. ఆడవాళ్ళకి కుట్లూ అల్లికలూ నేర్పే శిక్షణా కేంద్రాల ముగింపు సభలు చూసినవాళ్ళకి ఈ మాట ఊరికే గుర్తుకు రాదు. బల్లమీద పేర్చిన బుల్లి టోపీలు, స్వెట్టర్లు, లేసు ముక్కలు. వెనక వరసగా నిలబడ్డ ఆడపిల్లలు. ముందు మైకు పట్టుకున్న పెద్దమనిషి. ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే: ఇంటి పనులన్నీ అయ్యాక, తీరిక వేళల్లో, ఇంటిపట్టున కూర్చుని నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు అని. చప్పట్లు, సర్టిఫికెట్లు, ఒక ఫోటో. అంతటితో సభ సమాప్తం. టోపీ అల్లిన పిల్లకే టోపీ పడింది.

మన తగువు అల్లికతో కాదు. అల్లిక మంచి విద్య. 'తీరిక వేళ' అన్న ఆ రెండు మాటలతోనే మన తగువంతా. వినడానికి అమాయకంగా ఉండే ఈ మాటలే ఆడదాని కూలిని సగానికి, పావుకి, ఒక్కోసారి సున్నాకి దించేస్తున్నాయి. తీరిక వేళ చేసేదానికి కూలేమిటి? అది కాలక్షేపం కదా! కాలక్షేపానికి నాలుగు రూపాయలిచ్చినా అది దయాధర్మమే కదా! వ్యాపారి వాదన ఇది. విచారమేమిటంటే, వ్యాపారి నోరు తెరవక ముందే మన శిక్షణా కేంద్రాలే అతని తరఫున ఈ వాదన వినిపిస్తున్నాయి.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకి ఎన్నో స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి. 1979లో గ్రామీణ యువతకి స్వయం ఉపాధి శిక్షణ అంటూ ట్రైసెం వచ్చింది. 1982-83లో డ్వాక్రా వచ్చింది. ఆ తర్వాత పొదుపు సంఘాలు, నైపుణ్యాభివృద్ధి పథకాలు వచ్చాయి. పథకాల పేర్లు మారాయిగానీ ఆడవాళ్ళకి నేర్పే పనుల జాబితా పెద్దగా మారలేదు: కుట్టు, అల్లిక, పచ్చళ్ళు, అప్పడాలు, కొవ్వొత్తులు. అన్నీ ఇంట్లో కూర్చుని చేసేవే. అన్నీ ఇంటి చాకిరీకి అడ్డు రానివే. ఆడదాని బతుకుని మార్చే శిక్షణలు కావివి. ఉన్న బతుకులోనే మరో నాలుగు గంటల పని ఇరికించే శిక్షణలు.

తీరిక ఎక్కడుంది?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా 'కాల వినియోగ సర్వే' చేసింది. మనుషులు రోజులోని 24 గంటల్నీ ఎలా గడుపుతున్నారో లెక్క కట్టింది. ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు వెచ్చిస్తున్నది 97 నిమిషాలు. 2024లో మళ్ళీ సర్వే చేస్తే స్త్రీలకి 289, మగవాళ్ళకి 88 అని తేలింది. అయిదేళ్ళలో మన చాకిరీ పది నిమిషాలు తగ్గింది. ఆ పది నిమిషాలూ మగవాళ్ళు అందుకున్నారా అంటే అదీ లేదు, వాళ్ళదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది.

289 నిమిషాలంటే అయిదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ. పసిపిల్లల్ని, ముసలివాళ్ళని, రోగుల్ని చూసుకోవడం ఈ లెక్కలో లేదు, అది వేరే పద్దు. ఇది పోగా పొలం పని, గేదెల పని, రేషను క్యూ, సంఘం మీటింగు. ఇవన్నీ అయ్యాక మిగిలేది నిద్ర. తీరిక వేళ అల్లుకోమనడమంటే నిద్ర మానుకుని అల్లుకోమనడమే. తీరిక అన్నది మగవాడికి హక్కు. ఆడదానికి ఇంకో పని పెట్టుకోవడానికి దొరికిన సందు.

ఒక టోపీలో ఏముంది?

మాటలు చాలు, ఒక టోపీ అల్లి చూద్దాం. అల్లిక కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పసిబిడ్డ టోపీని మించిన తేలిక వస్తువు లేదు. కృష్ణా డెల్టా ఎండల్లో టోపీ ఏమిటని నవ్వకండి. పుట్టిన బిడ్డకి ఒంటితో పోలిస్తే తల పెద్దది. వేడి అక్కణ్ణుంచి బాగా పోతుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్ని తల్లి గుండెకి ఆనించి కాపాడే 'కంగారూ' పద్ధతి 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో మొదలై ప్రపంచమంతా పాకింది. ఆ పద్ధతిలో బిడ్డ ఒంటిమీద ఉండేవి మూడే మూడు: ఒక టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, ఒక గుడ్డ. అంటే ఈ టోపీ ముచ్చట కోసం పెట్టేది కాదు. బిడ్డ ప్రాణానికి సంబంధించిన వస్తువు.

కావలసినవి: 4 మిల్లీమీటర్ల లావున్న సూదుల జత, మధ్యరకం లావున్న మెత్తని ఊలు లేదా నూలు దారం, దారం ఎక్కించే పెద్ద కుట్టుసూది. ముందుగా ఒక చిన్న నమూనా ముక్క అల్లి కొలిచి చూసుకోవాలి. పది సెంటీమీటర్ల వెడల్పుకి సుమారు 21 కుట్లు వస్తే సూదీ దారం సరిపోయినట్టు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ 30 సెంటీమీటర్లుంటే చాలు. అంటే 63 కుట్లు. చివర్లో తగ్గించడానికి వీలుగా నాలుగుతో భాగిస్తే శేషం రాకుండా 64 కుట్లు సూదిమీదికి ఎక్కించాలి.

తర్వాత ప్రతి వరసా ఒకే రకం కుట్టు. కుడిచేతి సూదిని కుట్టులోకి దూర్చడం, దారం చుట్టడం, ఇవతలికి లాగడం, పాత కుట్టుని జారవిడవడం. ఈ నాలుగు కదలికలూ కలిస్తే ఒక కుట్టు. వరస అయ్యాక సూదులు చేతులు మార్చి మళ్ళీ మొదలుపెట్టాలి. దారం మరీ బిగిస్తే సూది దూరదు, మరీ వదిలేస్తే కన్నాలు పడతాయి. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టుకోవాలి. 63 వచ్చిందంటే ఎక్కడో ఒకటి జారిందన్నమాట, 65 వచ్చిందంటే దారం అదనంగా చుట్టుకుందన్నమాట. ఇలా 56 వరసలు వేస్తే ఎత్తు దాదాపు 14 సెంటీమీటర్లు వస్తుంది. ఆ తర్వాతి వరసలో రెండేసి కుట్లు కలిపి ఒకటిగా అల్లితే 32 మిగులుతాయి. ఒక వరస మామూలుగా అల్లి, మళ్ళీ రెండేసి కలిపితే 16. దారాన్ని మూరెడు వదిలి తెంపి, కుట్టుసూదితో ఆ 16 కుట్లలోంచీ దూర్చి బిగించి లాగితే నెత్తి మూసుకుంటుంది. అదే దారంతో పక్క అంచులు రెండూ కలిపి కుట్టి, దారం కొసలు లోపల దాచేస్తే టోపీ తయారు.

ఇంతవరకు ఏ శిక్షణా కేంద్రంలోనైనా చెబుతారు. ఇక్కడినుంచి చెప్పవలసింది మాత్రం ఎవరూ చెప్పరు. 64 కుట్లు, 56 వరసలు: 3,584 కుట్లు. పైన తగ్గించిన వరసలు కలిపితే 3,660 దాటుతుంది. కొత్తగా నేర్చుకున్న చెయ్యి నిమిషానికి 15 కుట్లు వేసిందనుకుందాం. నాలుగు గంటల పని. అలవాటైన చెయ్యి నిమిషానికి 30 వేస్తే రెండు గంటలు. అంచులు కుట్టడం, తప్పుపోయిన వరస విప్పి మళ్ళీ అల్లడం, దారం కొనడానికి బస్సెక్కి వెళ్ళడం, టోపీలు పట్టుకెళ్ళి అప్పజెప్పడం ఈ లెక్కలో చేర్చలేదు.

2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకి 37 రూపాయల 50 పైసలు. ఇది మట్టి తవ్వే పనికి, ఏ శిక్షణా అక్కర్లేని పనికి సర్కారు కట్టిన కూలి. ఈ లెక్కనే చూసినా చెయ్యి తిరిగిన మనిషి అల్లిన టోపీకి కూలి 75 రూపాయలు. నేర్చుకుంటున్న పిల్లకి 150. దారం ఖర్చు వేరే. ఒక వ్యాపారి వచ్చి, "దారం నాదే, టోపీకి ఇరవై ఇస్తాను" అన్నాడనుకోండి. చెయ్యి తిరిగిన మనిషికి గంటకి పది రూపాయలు పడ్డట్టు. మట్టి తవ్వితే వచ్చేదాంట్లో మూడోవంతు కూడా లేదు. మూడు నెలలు శిక్షణ ఇచ్చి ఆమెని మనం ఎక్కించిన మెట్టు ఇదా?

కళ ఎవరిది? కాలక్షేపం ఎవరిది?

అల్లిక పుట్టుకతోనే ఆడవాళ్ళ కాలక్షేపం కాదు. యూరప్ పట్టణాల్లో ఒకప్పుడు అల్లికకి వృత్తి సంఘాలుండేవి, వాటిలో మగవాళ్ళదే పెత్తనం. కుర్రవాడు ఏళ్ళ తరబడి గురువు దగ్గర పని నేర్చుకుని, పరీక్షకి ఒక టోపీ, ఒక చొక్కా, మేజోళ్ళు, ఒక తివాసీ అల్లి చూపిస్తేనే పనివాడిగా ఒప్పుకునేవారు. ఇంగ్లండులో 1571లో ఏకంగా టోపీ చట్టం చేశారు. ఆరేళ్ళు దాటినవాళ్ళు, కొందరు గొప్పింటివాళ్ళు మినహా, ఆదివారాలూ పండగ రోజులూ తమ దేశంలో అల్లిన ఊలు టోపీయే పెట్టుకోవాలి, లేకపోతే జరిమానా. టోపీలు అల్లేవాళ్ళ పొట్ట కొట్టకూడదని రాణిగారి ప్రభుత్వం చేసిన చట్టమది. దాన్ని 1597లో ఎత్తేశారు. మంచి చెడ్డలు ఎలా ఉన్నా అందులో ఒక సంగతి ఒప్పుకున్నారు: టోపీ అల్లడం బతుకుతెరువు అని, దానికి రక్షణ కావాలని.

ఆ సూదులే అల్లిక యంత్రాలొచ్చి గిట్టుబాటు తగ్గాక ఆడవాళ్ళ ఒళ్ళోకి వచ్చి పడ్డాయి. అప్పుడు దాని పేరు 'ముచ్చట' అయింది, 'ఓర్పు' అయింది, యుద్ధాలొచ్చినప్పుడు 'దేశభక్తి' అయింది. మన తాతలు చలికాలంలో పెట్టుకునే మంకీ క్యాప్‌కి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు బాలక్లావా. 1854లో క్రిమియా యుద్ధం జరిగిన ఊరి పేరది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైనికుల కోసం ఊరూరా ఆడవాళ్ళు కూలి లేకుండా అల్లిపోశారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన దేశంలోనూ జవాన్లకి స్వెట్టర్లు అల్లమన్నారు, అల్లారు. తుపాకులు చేసిన కంపెనీవాడికి డబ్బిచ్చారు. స్వెట్టరు అల్లిన ఆమెకి దండం పెట్టారు.

అంత దూరమెందుకు, మన కూచిపూడినే చూడండి. ఆ ఊళ్ళో వేళ్ళ కదలికకి 'హస్తం' అని పేరుంది, దానికి శాస్త్రముంది, గురువుంది, పరంపర ఉంది. చాలాకాలం అక్కడ ఆడవాళ్ళకి ఆట లేదు, ఆడ వేషాలన్నీ మగవాళ్ళే కట్టారు. సత్యభామ వేషానికి పేరెన్నికగన్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన విద్వత్తుని ఎవరూ కాదనరు, కాదనకూడదు. కానీ ఆ పక్కనే ఉన్న మొవ్వ పేరు నిలిపిన క్షేత్రయ్య పదాలు తరతరాలుగా పాడి ఆడి కాపాడినది కళావంతుల ఆడవాళ్ళు. దేవదాసీ దురాచారాన్ని ఆపాల్సిందే. అయితే 1947లో వచ్చిన మద్రాసు చట్టం దాంతోపాటు ఆ స్త్రీల ఆటనీ పాటనీ కూడా సభల్లోంచి వెలివేసింది. అదే డెల్టాలో, అదే కాలంలో, మగవాడు ఆడితే శాస్త్రీయ కళ, ఆడది ఆడితే నేరం. అలాగే మగవాడి వేళ్ళు కదిలితే విద్య, ఆడదాని వేళ్ళు కదిలితే కాలక్షేపం. పనికి విలువ పనిలోని కష్టాన్ని బట్టి రావడం లేదు, చేసేవాళ్ళెవరన్నదాన్ని బట్టి వస్తోంది. ఈ ఒక్క సంగతి బోధపడకుండా ఎన్ని శిక్షణలిచ్చినా వృథా.

నరసాపురం చెప్పిన పాఠం

గుడివాడలో రైలెక్కితే భీమవరం మీదుగా నరసాపురం చేరతాం. అల్లిక శిక్షణ పెట్టాలనుకునే ప్రతి సంస్థా ఈ ప్రయాణం ఒకసారి చెయ్యాలి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద స్త్రీలకి క్రోషే సూదితో లేసు అల్లడం నేర్పారు. అది చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. విదేశాల్లో బల్లలమీద, మంచాలమీద పరిచే లేసు గుడ్డలు ఈ ఊళ్ళ అరుగుల మీద తయారై ఓడలెక్కాయి.

మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు 1970ల చివర్లో ఇక్కడ పనిచేసి 1982లో 'నరసాపురం లేసు పనివాళ్ళు' గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చింది. ఆమె చూసినదేమిటి? లక్షకి అటూ ఇటూగా ఆడవాళ్ళు ఈ పనిలో ఉన్నారు. ఇంటి చాకిరీ పోను రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారు. రోజంతా కలిపి రూపాయి కూడా గిట్టడం లేదు. పనిని ముక్కలు చేశారు: ఒకరిది చేతిపని, ఒకరిది అతుకుపని. పూర్తయిన వస్తువు ఎలా ఉంటుందో, ఎక్కడికి పోతుందో, ఎంతకి అమ్ముడవుతుందో అల్లిన ఆమెకి తెలియదు. దళారులూ ఎగుమతిదారులూ మగవాళ్ళు, వాళ్ళకి మేడలు లేచాయి. సర్కారు లెక్కల్లో మాత్రం ఈ ఆడవాళ్ళు కార్మికులు కారు, 'గృహిణులు'. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న గృహిణులు!

మీస్ గమనించిన మరో సంగతి మనకి ఇంకా ముఖ్యం. లేసు అల్లే కాపు కుటుంబాల ఆడవాళ్ళు గడప దాటకుండా, 'మర్యాదగా', ఇంట్లోనే పనిచేస్తున్నారు. పొలానికి వెళ్ళే మాల మాదిగ కూలీ స్త్రీలకి మాత్రం వాళ్ళకంటే ఎక్కువ కూలి వస్తోంది. వాళ్ళు నలుగురూ కలిసి పనిచేస్తారు, కలిసి అడుగుతారు. గడప లోపలి మర్యాదకి వెల ఎవరు కట్టారు? అల్లే ఆమే, తన కూలిలోంచి.

ఆ తర్వాత నరసాపురంలో ఎంతో కొంత మారింది. రుస్తుంబాద దగ్గర లేసు వ్యాపార కేంద్రం కట్టారు, ఆడవాళ్ళ సహకార సంఘాలు ఏర్పడ్డాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరుని, సరుకు పేరుని. అల్లిన ఆమె కూలిని కాదు. నకిలీ లేసుని నరసాపురం లేసు అని అమ్మితే కేసు పెట్టచ్చు. అసలైన నరసాపురం లేసుకి నకిలీ కూలి ఇస్తే ఏ కేసూ లేదు.

చట్టం మాటేమిటి?

ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళు చట్టానికి కనపడనివాళ్ళని చాలామంది అనుకుంటారు. 1948 కనీస వేతనాల చట్టంలోనే, యజమాని ఇచ్చిన సరుకుతో తన ఇంట్లో కూర్చుని వస్తువు తయారుచేసే మనిషి కూడా 'ఉద్యోగి' అని రాసి ఉండేది. షెడ్యూలులో చేర్చిన పనులకే అది వర్తించేది, అందులోనూ అమలు అంతంత మాత్రం. అయినా రాసి ఉంది కాబట్టి అడగడానికి ఆధారముండేది. దాని స్థానంలో 2019 వేతనాల కోడ్ వచ్చి, 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. షెడ్యూలు అడ్డు తీసేసి, ముక్క పనికి కూడా కనీస వేతనం కట్టాలంది, మంచిదే. కానీ 'ఉద్యోగి' నిర్వచనంలోంచి ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ ప్రస్తావన మాయమైంది! ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ నిర్వచనం 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలో ఉండేది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. అంటే పింఛనూ బీమా పథకాల దగ్గర ఆమె కార్మికురాలు, కూలి దగ్గర మాత్రం మళ్ళీ గృహిణి.

ఒక దారి ఉంది. ప్రభుత్వం ఎవరినైనా 'ఉద్యోగి' అని ప్రకటించవచ్చునని వేతనాల కోడ్‌లోనే ఉంది. ఇంటి దగ్గర ముక్క రేటుకి అల్లేవాళ్ళని, పూసలు గుచ్చేవాళ్ళని, చిలకలపూడి గిల్టు నగల పని చేసేవాళ్ళని ఉద్యోగులుగా ప్రకటించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని నిలదీయడానికి మనకి ఇంతకంటే పట్టు అక్కర్లేదు. ఇక ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళని మిగతా కార్మికులతో సమానంగా చూడాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1996లో వచ్చింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. ఆ ఒప్పందం రావడానికి పోరాడినవాళ్ళలో మన అహమ్మదాబాదు 'సేవ' సంఘం ఆడవాళ్ళు ముందున్నారు. 1972లో ఇలా భట్ నాయకత్వంలో సంఘం రిజిస్టరు చెయ్యమని వెళ్తే, మీకు యజమానే లేడు, యూనియన్ ఎలా పెడతారు అన్నారు. యజమాని కనపడకపోతే కార్మికురాలే లేనట్టా?

నాట్ల ముఠా నేర్పేది

"రేటు పెంచమంటే వ్యాపారి వేరే ఊరు వెళ్ళిపోతాడండీ, ఉన్న నాలుగు రూపాయలూ పోతాయి." ఈ మాట మన కార్యకర్తలే ఎక్కువగా అంటారు. నిజమే, ఒక్క ఆమె అడిగితే వెళ్ళిపోతాడు. అడగడమెలాగో మన డెల్టా ఆడవాళ్ళకి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. నాట్ల కాలంలో చూడండి. ముఠా మేస్త్రమ్మ గట్టుమీద నిలబడి ఎకరానికి ఇంత అని తేల్చుకుంటుంది. మాట తేలేదాకా ఒక్క మనిషి కూడా మడిలో దిగదు. పక్క ఊరి రేటు ఎంతో ఆమెకి తెలుసు. ఎకరం నాటడానికి ఎంతమంది కావాలో, ఎంతసేపు పడుతుందో తెలుసు. అక్షరాలు రాకపోవచ్చు, లెక్క వచ్చు. అదీ ముక్క పనే. టోపీ అల్లడమూ ముక్క పనే. ఒకటి నలుగురిలో, నడిమధ్యాహ్నం, గట్టుమీద జరుగుతుంది. రెండోది నాలుగు గోడల మధ్య, రాత్రిపూట, ఒంటరిగా జరుగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

"ఆడవాళ్ళకి అల్లుకోవడం ఇష్టమండీ, మనసుకి హాయిగా ఉంటుంది, దాన్నీ కూలి లెక్కల్లోకి లాగాలా?" అన్నది మరో మాట. మనవరాలికి ప్రేమగా అల్లే టోపీకి ఎవరూ బిల్లు వెయ్యమనడం లేదు. అమ్మకానికి అల్లేదాని సంగతే ఇది. మేస్త్రీకి తన పని ఇష్టమని గోడకి సగం కూలి ఇస్తామా? డాక్టరు తన వృత్తిని ప్రేమిస్తాడని ఫీజు మానేస్తాడా? ఇష్టాన్ని చూపించి కూలి తగ్గించేది ఒక్క ఆడవాళ్ళ దగ్గరే.

కనక అల్లికలు నేర్పడం మానొద్దు, నేర్పే పద్ధతి మార్చండి. మొదటి రోజు సూది పట్టుకోవడంతో పాటే గడియారం చూడటం నేర్పండి. ప్రతి పిల్లా తన టోపీకి ఎన్ని కుట్లు, ఎన్ని గంటలు, ఎంత దారం పట్టిందో పుస్తకంలో రాసుకోవాలి. ఆరోజు కనీస కూలి ఎంతో గోడమీద రాసి ఉంచాలి. శిక్షణ ముగిసేలోగా ప్రతి వస్తువుకీ ముక్క రేటు కట్టడం ఆమెకి నోటికి వచ్చి ఉండాలి. పని ముక్కలు చేసి ఒకరికి పువ్వులూ ఒకరికి అతుకులూ అలవాటు చెయ్యకండి. వస్తువు మొత్తం ఆమె చేతిలోంచి బయటికి రావాలి. ఆర్డరు ఎవరు తెచ్చినా రేటు సంఘంలో తేలాలి, కాగితం మీదికి రావాలి. ఆ రేటుకి తక్కువైతే ఆ ఆర్డరుని మన సంస్థే ముందు కాదనాలి. సంస్థలు కూడా జాతరల్లో స్టాళ్ళు పెట్టి, దాతలకి బహుమతులు పంపి, అల్లినవాళ్ళకి ప్రశంసాపత్రాలతో సరిపెట్టే అలవాటు మానుకోవాలి.

సర్కారుని అడగాల్సినవీ ఉన్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లో పుట్టే ప్రతి తక్కువ బరువు బిడ్డకీ టోపీ కావాలి. ఆ టోపీలని కనీస కూలి చెల్లించి ఆ జిల్లా ఆడవాళ్ళ సంఘాల దగ్గరే కొనాలి. శిక్షణకి డబ్బుంటే కొనుగోలుకి ఎందుకుండదు? జనగణనలో ఆమెని గృహిణి అని రాసుకుని పోకుండా, ఏం అల్లుతున్నారు, ఎవరికి అల్లుతున్నారు అని అడగాలి. స్త్రీ సంఘాలు పట్టుబట్టి అడిగితేనే 1991 జనగణనలో జీతం లేని సొంత కుటుంబ వ్యవసాయ పనిని, వ్యాపార పనిని పనిగా రాయమన్న మాట ప్రశ్నలోకి వచ్చింది. అడగకుండా ఏదీ రాలేదు, ఇకముందూ రాదు.

'తీరిక వేళ' అన్న మాట మన కరపత్రాల్లోంచి, ప్రాజెక్టు నివేదికల్లోంచి, సభల్లోంచి తీసిపారేద్దాం. దాని చోట 'పని గంటలు' అని రాద్దాం. ఒక చిన్న టోపీలో 3,600 పైచిలుకు కుట్లున్నాయి. ప్రతి కుట్టూ శ్రమే. ఆ లెక్క అల్లే ఆమె నోట వినిపించిన రోజున ఆమెకి టోపీ పెట్టడం ఎవరి తరమూ కాదు.